బొడిపెల రబ్బరు

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 18.

వనస్థలిపురంలో కూర్చుని నా మీద పళ్ళు నూరుతున్న వియ్యంకుడు బుల్లబ్బాయి బావకు, సంజీవ రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం. మామూలు క్షేమం కాదు బావా, పట్టలేనంత సంతోషంగా ఉన్నాం. నువ్వెట్లున్నావో నేనడగను. నా ఫోను నంబరు బ్లాకులో పెట్టావు కదా, అందుకే ఉత్తరం రాస్తున్నాను. పోస్ట్‌మాన్‌ను బ్లాకులో పెట్టడం నీ వల్ల కాదు.

నిలబడి ఉంటే కూర్చో. నా బిడ్డ అంకిత వాళ్ళ కంపెనీ టీములోకి ఎంపికైంది! ఆదిభట్ల, రావిర్యాల వైపున్న కంపెనీలన్నీ కలిసి ఆడే టేబుల్ టెన్నిస్ పోటీ. అందులో మిక్స్‌డ్ డబుల్స్ ఆడుతుంది. అక్టోబరు ఆఖరులో పోటీ. పాల కేంద్రం దగ్గర చెప్పాను, విత్తనాల దుకాణంలో చెప్పాను, సాగర్ రోడ్డు మీద చాయ్ తాగేవాళ్ళందరికీ చెప్పాను. ముక్కు మొహం తెలియని లారీ డ్రైవరుకు కూడా చెప్పి చాయ్ తాగించాను. మా మాణిక్యమ్మ "జర ఊపిరి తీసుకో, బీపీ పెరుగుతది" అంటున్నది. పెరగనీ. ఇంత సంతోషానికి పెరగకపోతే ఆ బీపీ ఇంకెందుకు?

మీ ఇంట్లో భోజనాల దగ్గర నువ్వేమన్నావో నాకింకా చెవుల్లో ఉంది. "పెళ్ళయిన పిల్ల చీకటి పడేదాకా ఆఫీసులో ఉండి ఆ గోళీలాటేంటండీ" అన్నావు. అంతమందిలో అన్నావు. నా బిడ్డ కంచం ముందు నుంచి లేచి నాతో వచ్చేసింది. అప్పటినుంచి ఇక్కడే ఉంది. ఉంటుంది కూడా. ఆ గోళీలాటే ఇప్పుడు ఆమెను కంపెనీ తరఫున నిలబెడుతున్నది.

షెడ్డులో ఉన్న విత్తనాల బస్తాలు, మందు కొట్టే పంపు అన్నీ బయట పెట్టించి టేబుల్ వేయించాను. ఫ్యాను వేస్తే బంతి కొట్టుకపోతుందట, అందుకని ఫ్యాను బంద్. తలుపుకు దుప్పటి కట్టాను, గాలి రాకుండా. కంపెనీ బస్సు దించిన చోట నుంచి బండి మీద తెచ్చేది నేనే, ఆమె కొట్టిన బంతులు బస్తాల సందుల్లోంచి ఏరేది నేనే. నా మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియదు.

ఇది చదివి నీకు కడుపులో మండితే మజ్జిగ తాగు. రమణి చెల్లెకు నమస్కారం. నీకు లేదు.

ఆనందంలో ఉన్న,
సంజీవ.


వనస్థలిపురం,
ఆగస్టు 25.

సంజీవగారికి,

బావగారూ అని రాద్దామని కలం పెట్టాను. చెయ్యి రాలేదు. మన్నించండి.

మీ సంతోషం చూసి మాకూ సంతోషమేనండి. కాకపోతే ఆ సంతోషంలో మీరు ఒక సంగతి రాయడం మర్చిపోయారు. మిక్స్‌డ్ డబుల్స్ అంటే ఆడా మగా జంటగా ఆడేది. మీ అమ్మాయి జంట ఎవరో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను రాస్తాను. కొండల్ అనే కుర్రాడు. అదే ఆఫీసు, అదే ఫ్లోరు. మా వెంకటసాయిదీ అదే ఆఫీసు, వాడూ అదే ఆట ఆడతాడు, పైగా తాళి కట్టినవాడు. పోయినేడు వాడే జంట. ఈ ఏడు వాణ్ని పక్కన పెట్టి మీ అమ్మాయి వేరేవాడితో ఆడుతోంది. ఇదా మీరు లారీ డ్రైవర్లకు చాయ్ తాగించి మరీ చెప్పుకునే సంగతి?

భీమవరం నుంచి మా వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. "ఏంటి బుల్లబ్బాయ్, మీ కోడలు జంట మార్చిందటగా?" అని నవ్వుతున్నారు. బేరింగులు, బెల్టులు అమ్ముకుంటూ ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికాను. నన్ను చూసి ఎవరూ నవ్వలేదండి.

మా వాడు నోరు విప్పడు. ఇంత తిని లేచిపోతాడు. ఆ మౌనం చూస్తుంటే నాకు తినబుద్ధి కావడం లేదు.

ఇక భోజనాల సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు మా ఆవిడ గుత్తివంకాయ వండింది. మీరు మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని, అంతా అయ్యాకే "నా బిడ్డను ఎవ్వడాపుతడో చూస్త" అని కంచం తోసి లేచారు. కోపం వచ్చినవాడు కూర మధ్యలో లేస్తాడండి.

చెప్పేది ఒక్కటే. ఆ కొండల్‌తో కలిసి మీ అమ్మాయి ఆ పోటీ ఆడితే మా ఇంటికి మళ్ళీ రానక్కర్లేదు. ఇది కోపంలో రాసింది కాదు. కాఫీ తాగి, తీరిగ్గా రాసింది.

ఇట్లు,
బుల్లబ్బాయి.


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు 3.

కాఫీ తాగి తీరిగ్గా రాసిన పెద్దమనిషికి, చాయ్ కూడా తాగకుండా సంజీవ రాసేది.

రానక్కర్లేదా? రానియ్యకు! ఎవడు బతిమిలాడుతున్నాడు? నా బిడ్డకు ఇల్లు లేదా, తల్లి లేదా, పొద్దున్నే నిద్ర లేపి రాగి జావ ఇచ్చే తండ్రి లేడా? నీ ఉత్తరం దాచలేదు, ఆమెకే ఇచ్చాను. చదివి మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "మామయ్య చేతిరాత మస్తుంటది బాపు" అన్నది. పోయి బూట్లు వేసుకుంది.

నీకు ఆట తెలియదు. నాకూ తెలియకుండె, ఇప్పుడు తెలిసింది, చెబుతా విను. డబుల్స్‌లో ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. ఒకరు కొట్టగానే పక్కకు జరగాలి, రెండోవాళ్ళు ముందుకు రావాలి. ఇద్దరూ కుడిచేతి వాటం వాళ్ళయితే ఒకే జాగాకు ఇద్దరూ ఉరుకుతారు. ఒకరిది ఎడమచేయి అయితే ఎవరి వైపు వారిది, గుద్దుకోరు. ఆ కంపెనీ మొత్తంలో ఎడమచేత్తో ఆడే మొగోడు కొండల్ ఒక్కడే. అందుకు వాడు జంట. ఆ పిల్లగాడు నా బిడ్డను "అక్కా" అని పిలుస్తాడు, మా మాణిక్యమ్మను "అమ్మా, ఇంకో రొట్టె" అంటాడు. నీ భీమవరం వాళ్ళకు ఇది కూడా చెప్పు, నవ్వుతారో లేదో చూద్దాం.

నీ కొడుకు మౌనం చూసి నీకు తినబుద్ధి కావడం లేదా? మొన్న ఆదివారం ఇదే షెడ్డులో వీళ్ళిద్దరికి ఎదురుగా నిలబడి పొద్దంతా ఆడి, మా ఇంట్లో జొన్నరొట్టెలు, నాటుకోడి కూర తిని, మంచం మీద గుర్రు పెట్టి పండుకున్నాడు! వాడికేం మౌనం బావా, గుర్రుకు మా పెంకులు లేస్తుండె.

ఇది రాయొద్దని మాటిచ్చాను. రాసేశాను. పెన్నుతో రాసింది, కొట్టేస్తే నువ్వు వెలుతురులో పెట్టి చదువుతావు. అందుకని మొత్తం రాస్తున్నాను, విను.

"అల్లుడా, నీకు కోపం రాలేదా?" అని నేనే అడిగాను.

"ఎందుకు మామయ్యా? పోయినేడు మేమిద్దరం ఒకరినొకరు గుద్దుకుని కింద పడ్డాం. జనం బంతిని వదిలేసి మమ్మల్ని చూశారు. ఈసారి తను గెలవాలి. కొండల్ పేరు టీమువాళ్ళకు చెప్పింది నేనే" అన్నాడు.

"మరి మీ నాయనకు చెప్పరాదు?"

"చెబుతాను, మెల్లిగా. మీరు మాత్రం చెప్పకండి."

నీ కొడుకు నీ కంటే పెద్దమనిషి. విన్నావా? జంట మార్చింది నా బిడ్డ కాదు, నీ కొడుకు. ఇప్పుడు తాగు కాఫీ.

సంజీవ.


వనస్థలిపురం,
సెప్టెంబరు 10.

అయ్యా,

ప్రతి ఆదివారం కోహెడ వెళుతున్నానని చెప్పేవాడండి మావాడు. అక్కడ పండ్ల మార్కెట్టు వస్తుందట, ఇప్పుడే స్థలం చూసుకుంటే మంచిదట. నేను నమ్మాను. నమ్మి, తూర్పు ముఖం స్థలమే చూడరా అని చెప్పి పంపేవాణ్ని. వాడు మీ షెడ్డుకు వచ్చి మీ కోడి కూర తినేవాడన్నమాట.

మీ ఉత్తరం చదివి వాణ్ని పిలిచాను.

"కోహెడ స్థలం ఎంతదాకా వచ్చిందిరా?"

వాడికి అర్థమైపోయింది. "చెబుదామనే అనుకున్నాను నాన్నా" అన్నాడు.

"పెళ్ళాన్ని వేరేవాడి పక్కన నిలబెట్టింది నువ్వేనా?"

"పక్కన నిలబెట్టింది టేబుల్ ముందు నాన్నా. పెళ్ళిపీటల మీద కాదు."

నా ఇంట్లో నాకు అలా జవాబు చెప్పినవాళ్ళు లేరు. బ్యాట్ తెమ్మన్నాను. తెచ్చి ఇచ్చాడు. ముప్ఫై దాటినవాడు తల వంచుకుని ఇచ్చేశాడు. ఇవ్వనంటే బాగుండేదేమో అని ఒక్క క్షణం అనిపించింది, ఎందుకో. బ్యాట్ ఇప్పుడు నా బీరువాలో ఉంది. తాళం చెవి నా దగ్గర ఉంది. ఇక మీ షెడ్డుకు రాడు, వచ్చినా ఉత్త చేతులతో వస్తాడు.

మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. పెరుగు కావాలంటే గిన్నె శబ్దం చేసి అడగాల్సి వస్తోంది. ఇదంతా మీ వల్ల.

మా వాడికి మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయారు. మీ జీవితంలో నాకు చేసిన మేలు అదొక్కటే. నా మాటలో మాత్రం మార్పు లేదు. ఆమె ఆడితే రానక్కర్లేదు.

బుల్లబ్బాయి.


ఇబ్రహీంపట్నం,
అక్టోబరు 6.

గౌరవనీయులైన బుల్లబ్బాయి బావగారికి, సంజీవ నమస్కరించి రాసేది.

మీరు, రమణి చెల్లె క్షేమమని తలుస్తాను. ఇక్కడ క్షేమం లేదు.

నా బిడ్డ బ్యాట్‌కు ఒకవైపు నున్నటి రబ్బరు, రెండోవైపు బొడిపెల రబ్బరు ఉంటుంది. ఆ బొడిపెల వైపుతో కొడితే బంతి ఎటు తిరుగుతుందో ఎదుటివాడికి అంతుపట్టదు. ఆమె ఆటంతా దాని మీదే. ఏళ్ళ తరబడి దానితోనే ఆడి చేతికి అలవాటు చేసుకుంది.

దసరా పొద్దున ట్రాక్టరు కడిగి, కొడవళ్ళు, పార, పంపు అన్నీ వరుసగా పెట్టి పూజ మొదలుపెట్టాను. ప్రతి ఏడు పెట్టేవే. ఈ ఏడు మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పనిముట్టు ఏది బావగారూ? నా బిడ్డ బ్యాటే. దానికి పూజ చేయకుండా పారకు చేస్తే ఆ తల్లి ఊరుకుంటుందా? పిల్ల పండుకొని ఉంది. మెల్లగా సంచీలోంచి తీశాను. నూనెలో పసుపు కలిపి రెండువైపులా రాశాను. కుంకుమ నిండుగా పెట్టాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చల్లాను. చల్లేటప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి, సంతోషంతో.

పూజయ్యాక చూస్తే బొడిపెల సందుల్లో కుంకుమ ముద్దలు కట్టింది. నాకు భయమైంది. కుళాయి కింద పెట్టి, సబ్బు వేసి, గిన్నెలు తోమే ఇనుప పీచుతో రుద్దాను. రుద్దిన కొద్దీ బొడిపెలు తెగి ఊడివచ్చాయి. తడి ఆరాలని రేకుల మీద ఎండలో పెట్టాను. రబ్బరు చెక్క నుంచి లేచి పూరీ లెక్క పొంగింది. అట్లాంటి బ్యాట్‌ను అంపైరు టేబుల్ దగ్గరికి కూడా రానివ్వడట.

అంకిత లేచి వచ్చి చూసింది.

"బాపు, దీనికి బొట్టు పెట్టుమని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు బిడ్డా. నాకే సంబురమై..."

అక్కడే షెడ్డులో నేల మీద కూలబడింది. ఒక్క మాట తిట్టలేదు బావగారూ. తిడితే బాగుండు. కొండల్ వచ్చి "ఫికర్ జేయకక్కా, కొత్తది ఏద్దం" అన్నాడు కానీ వాడి ముఖం కూడా తెల్లబోయింది. కోఠిలో అడిగాము, అబిడ్స్‌లో అడిగాము. ఆ రకం రావడం బందయిందట. వేరేది వేసుకుని ఆడితే ఆమె కొట్టిన బంతులన్నీ దుప్పటికి తగులుతున్నాయి. చూడలేక నేను బయట కూర్చుంటున్నాను.

అదే రబ్బరు ఇంకొకటి ఉంది. ఇద్దరూ ఒకేసారి తెప్పించుకున్నారట. అది మీ వెంకటసాయి బ్యాట్ మీద ఉంది. ఆ బ్యాట్ మీ బీరువాలో ఉంది.

మిమ్మల్ని నేను చాలా అన్నాను. అవన్నీ అన్నవే, కాదనను. నేను ఎవరి కాళ్ళూ పట్టుకునే రకం కాదు. పట్టుకున్నాననే అనుకోండి. ఆ రబ్బరు ఇప్పించండి.

మీ,
సంజీవ.


వనస్థలిపురం,
అక్టోబరు 11.

సంజీవగారికి,

మీ ఉత్తరంలో 'మీరు' అన్న మాట చూసి, ఇది ఇంకెవరికో రావాల్సిన ఉత్తరమేమో అని కవరు తిప్పి చిరునామా చూసుకున్నాను. నా పేరే ఉంది.

రబ్బరు ఇవ్వడం కుదరదండి. బీరువా తీసేది లేదు. ఎందుకని అడగొద్దు. పూజ సంగతి నేనేమీ అనను. ఎవరి భక్తి వారిది.

మీ అమ్మాయికి అంత ఆడాలని ఉంటే ఆ కొండల్‌ను తీసేసి మా వాడితో ఆడమనండి. అప్పుడు చూద్దాం. లేదంటే ఏ రబ్బరు దొరికితే ఆ రబ్బరుతో ఆడి, ఓడిపోయి, మీ ఇంట్లోనే ఉండమనండి. మీకు కావలసిందీ అదే కదా.

ఇంకొక సంగతి. నిన్న సాయంత్రం మా వాడు బట్టలు సర్దుకున్నాడు. "ఎక్కడికిరా?" అంటే "ఇబ్రహీంపట్నం. ఆఫీసుకు దగ్గర" అన్నాడు. కొత్త రబ్బరుకు మీ అమ్మాయి చెయ్యి అలవాటు పడాలంటే రోజూ ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలట. బ్యాట్ అడుగుతాడని నేను బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు అటు చూడనైనా చూడలేదు. కొండల్ బ్యాట్లు ఇంకా ఉన్నాయట, అందులో ఒకటి సరిపోతుందట. రమణి వాడికి దారిలో తినమని పులిహోర కట్టి ఇచ్చింది. వనస్థలిపురం నుంచి ఇబ్రహీంపట్నానికి దారిలో పులిహోర ఏంటండీ!

కూతుర్ని ఉంచుకున్నారు. ఇప్పుడు నా కొడుకును ఇల్లరికం తెచ్చుకున్నారు. శుభం.

బుల్లబ్బాయి.


ఇబ్రహీంపట్నం,
అక్టోబరు 27.

రబ్బరు ముక్క ఇవ్వని బుల్లబ్బాయికి, సంజీవ రాసేది.

కాళ్ళు పట్టుకున్నాననే అనుకోమని రాశాను కదా, ఆ మాట వాపస్ తీసుకుంటున్నాను. 'మీరు' అన్నవి కూడా వాపస్.

ఫైనల్ దాకా పోయింది బావా నా బిడ్డ! ఫైనల్ దాకా! చేతికి అలవాటు లేని రబ్బరుతో! రావిర్యాల దగ్గర హాలులో ఆట. నేను, మాణిక్యమ్మ ముందు వరుసలో కూర్చున్నాం. బంతి అటు పోతే నేనూ అటు పోయాను. లేచి అరుస్తుంటే అంపైరు ఆట ఆపి "కాకా, జర కూసో, లేకుంటే బయటికి పంపుత" అన్నాడు. కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

గేముకు గేముకు మధ్య ఆటగాళ్ళకు సలహా చెప్పే మనిషికి పక్కన ఒక కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో ఎవరో తెలుసా? నీ కొడుకు. భుజం మీద తువ్వాలు, చేతిలో నీళ్ళ సీసా. మొదటి గేము పోయింది. నా బిడ్డ బొడిపెల రబ్బరు ఉన్నట్టే చెయ్యి తిప్పుతున్నది, బంతి వలలో పడుతున్నది. వాడు దగ్గరికి పిలిచి చెప్పాడు. "ఆ చెయ్యి మర్చిపో. పక్కకు జరుగు, ఎటు వచ్చినా ఫోర్‌హ్యాండ్‌తో, ఆ నున్నటి వైపుతోనే కొట్టు. కొండల్ నీకు చోటు వదులుతాడు." అంతే బావా. జరిగి జరిగి కొట్టింది. చూసేవాళ్ళు "ఎవరాయన, అంత బాగ చెప్తున్నడు?" అని అడిగారు. "ఆమె మొగుడు. నా అల్లుడు" అన్నాను. నీ కొడుకని మాత్రం చెప్పలేదు. ఎందుకనాలి?

ఆఖరి గేములో కొద్దిలో పోయింది. రెండో కప్పు వచ్చింది. నా లెక్కలో అదే మొదటిది. ఒక వియ్యంకుడు ఒక బీరువా అడ్డం పెట్టకపోతే అసలు మొదటి కప్పే వచ్చేది. నా ఇనుప పీచు కూడా ఉందిలే, ఒప్పుకుంటాను. కానీ నీ బీరువా ఎక్కువ.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. చౌరస్తా దగ్గర డప్పులవాళ్ళను నిలబెట్టి వచ్చాను, కప్పుతో ఊరేగించి తీసుకుపోదామని. బయటికి రాగానే చెప్పాను.

"నడువు బిడ్డా, డప్పులోళ్లు కాసుకొని ఉన్నరు."

"బాపు, నేను ఇంటికి పోత."

"గదే, ఇంటికే నడువుమంటున్న."

"మా ఇంటికి బాపు. వనస్థలిపురం."

"ఆయన రావద్దని రాసిండు గదా. నువ్వు సదివినవ్."

"సదివిన. ఆయన రాయాలనుకున్నది రాసిండు. నేను పోయేదాన్ని పోత. ఆట అయిపోయింది గదా."

మాణిక్యమ్మ నా చొక్కా పట్టి వెనక్కి గుంజింది. ఇద్దరూ బండెక్కి పోయారు. నేను పోయి డప్పులవాళ్ళను పంపించేశాను. కొట్టకుండానే పోతామా అని వాళ్ళు కొంచెం సేపు కొట్టారు. ఎవరికోసమో తెలియక జనం నన్నే చూశారు.

ఈ ఉత్తరం అందేసరికి ఏది జరగాలో అది జరిగిపోయి ఉంటుంది. గేటు వేసి ఉంచావని తెలిస్తే మాత్రం ట్రాక్టరు తీసుకుని వస్తాను. గేటు తెరిపించడానికి కాదు, పీకడానికి.

సంజీవ.


వనస్థలిపురం,
అక్టోబరు 30.

సంజీవగారికి,

ట్రాక్టరు అవసరం లేదండి. మా వీధిలో పట్టదు.

ఆదివారం సాయంత్రం గేటు దగ్గర నేనే నిలబడ్డాను. వస్తుందని రమణికి మా వాడు ముందే ఫోను చేశాడట, నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నుంచి ఇంట్లో ములక్కాడ వాసన వస్తుంటే నాకే అనుమానం వచ్చింది. బండి ఆగింది. మీ అమ్మాయి కప్పు చంకలో పెట్టుకుని దిగింది. కుంటుతోంది.

"ఎందుకొచ్చావమ్మా? మీ నాన్నకు స్పష్టంగా రాశాను కదా" అన్నాను.

"సదివిన మామయ్యా. కాళ్లు మస్తు గుంజుతున్నయ్. పొద్దున తిట్టుండ్రి" అంది. నా పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది. వెనకాలే మా వాడు రెండు సంచులూ మోసుకుంటూ వచ్చి "జరగండి నాన్నా, బరువుగా ఉన్నాయి" అన్నాడు. జరిగాను. ఏం చేయమంటారు?

పొద్దున తిట్టడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను. హాల్లో కూర్చున్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను గొంతు సవరించుకునేలోపే "మామయ్యా, ముందుగాల సాయి బ్యాట్ ఇయ్యుండ్రి. తర్వాత తిట్టుండ్రి. వచ్చేయేడు కోసం ఇప్పటినుంచే ఆ రబ్బరు జాగ్రత్తగా వాడుకోవాలె" అంది.

ఇక ఇది మీకు రాయకూడదు. కానీ రేపో మాపో మీ అమ్మాయే ఫోనులో చెబుతుంది, మీరు పాల కేంద్రం దగ్గర మొదలుపెడతారు. అంతకన్నా నా చేత్తో రాయడమే మేలు.

దసరా రోజు నేనూ ఆయుధ పూజ చేశానండి. షాపు మూసేసి ఎన్నాళ్ళయినా స్పానర్లు, స్కూటరు, రమణి కుట్టుమిషను అన్నిటికీ చేస్తాను. చేస్తూ బీరువా వైపు చూశాను. తాళం వేసింది నేనే. అయినా పండగపూట వాడి బ్యాట్ ఒక్కదానికి బొట్టు లేకుండా చీకట్లో పడి ఉండటం నాకు నచ్చలేదు. తీసి గంధం రాసి, కుంకుమ పెట్టి, మళ్ళీ లోపల పెట్టాను. బొడిపెల వైపే పైకి ఉంది. మర్నాడు చూస్తే ఎండి పెచ్చులు కట్టింది. మా షాపులో ఏ మురికైనా పెట్రోలుతోనే కదండీ వదిలించేవాళ్ళం. గుడ్డ తడిపి తుడిచాను. బొడిపెలన్నీ కరిగి బంకలాగా సాగాయి. ఆ తర్వాతే మీ ఉత్తరం వచ్చింది.

ఇవ్వను అని రాయగలిగాను. ఇవ్వలేను అని రాయలేకపోయాను. అదీ సంగతి.

బీరువా తీసి ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. "మీరు గూడానా మామయ్యా?" అంది. అంతే, నవ్వడం మొదలుపెట్టింది. రమణి వంటింట్లోంచి వచ్చి చూసి ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే ఇక ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు. మా ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట, "పెట్రోలా! పెట్రోలేంటండీ!"

నవ్వుకోండి. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. రావద్దన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఆమె వచ్చింది, అంతే.

బుల్లబ్బాయి.


ఇబ్రహీంపట్నం,
నవంబరు 4.

పెట్రోలు పోసిన బుల్లబ్బాయి బావకు, సంజీవ రాసేది.

నీ ఉత్తరం మాణిక్యమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఎగిరి గంతేద్దామనుకున్నాను. పాల కేంద్రం దాకా పోయాను కూడా. చెబితే నా ఇనుప పీచు సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని పాలు పోయించుకుని వచ్చేశాను. నోరంతా నిండి ఉంది, ఉమ్మడానికి లేదు. ఇది నువ్వు నాకు చేసిన అన్యాయాలన్నిటిలో పెద్దది.

"మీ ఇద్దరు ఒక్కటే. ఎవరి ఇంట్ల వాళ్లుండుండ్రి" అన్నది మాణిక్యమ్మ.

నీ మీద నా కోపం పోలేదు. పోదు. ఎందుకో చెబుతాను. రానక్కర్లేదని నువ్వు రాసిన రోజు నేను కోపంగా జవాబు రాశాను కానీ, లోపల నాకు పండగే బావా. నువ్వు గట్టిగా ఉంటే బిడ్డ ఇక్కడే ఉంటుంది అనుకున్నాను. ఇంకా గట్టిగా ఉండాలనే నిన్ను రెచ్చగొట్టాను. నాకు కావలసింది అదేనని నువ్వే ఒకసారి రాశావు. చదివినప్పుడు నీ మీద కాండ్రించి ఉమ్మాలనిపించింది, ఎందుకంటే నిజం. ఇప్పుడు ఆమె నీ ఇంట్లో ఉంది. గేటు దగ్గర నుంచి నువ్వు జరిగావు. నీ నుంచి ఆ మాత్రం గట్టితనం కూడా కాలేదు.

షెడ్డులోకి విత్తనాల బస్తాలు వచ్చేశాయి. టేబుల్ మడిచి గోడకు పెట్టాము.

ఒక్క పని చెబుతాను, చెయ్యి. రోజూ ఆట నుంచి వచ్చాక బూట్లు విప్పేటప్పుడు ఆమె కొంచెం సేపు ఊరికే కూర్చుంటుంది. అప్పుడు "ఎట్లయింది?" అని అడగాలి. అడిగితే అంతా చెబుతుంది. ఎవరు ఎట్లా కొట్టారు, తను ఎక్కడ తప్పు చేసింది, కొండల్ ఎప్పుడు నవ్వించాడు, అన్నీ చేతులు తిప్పి చూపించి చెబుతుంది. నీకు అర్థం కాదు. నాకూ సగం అర్థం కాకపోయేది. తల ఊపితే చాలు. చెప్పేటప్పుడు మధ్యలో లేవొద్దు. కాఫీ గీఫీ అడగొద్దు. అడగకపోతే తనంతట తను చెప్పదు, లేచి పోయి పండుకుంటుంది.

ఈ రెండు నెలలు నేను అడిగాను. ఇప్పుడు నువ్వు అడుగు.

అడిగావా లేదా అని మాణిక్యమ్మ రమణి చెల్లెకు ఫోను చేసి కనుక్కుంటుంది. అడగలేదని తెలిసిందో, మీ వీధిలో ట్రాక్టరు పట్టకపోతే నడిచి వస్తాను.

సంజీవ.